వెట్టి, పాలేరు, జీతము: గ్రామీణ నిరుపేదల పలుకుబడికి శాసనమునందు గల స్థానము

పేదవానికి న్యాయసహాయము అనగానే సాధారణముగ మనకు స్ఫురించునది వకీలు, ఆ వకీలునకు చెల్లింపవలసిన ఫీజు. పేదవాడు ఫీజు ఇచ్చుకొనలేడు గనుక ప్రభుత్వమే వకీలును నియమించినచో న్యాయము అతనికి అందుబాటులోనికి వచ్చునని మనము తలంతుము. కాని వకీలుకంటె ముందు దాటవలసిన గడప ఒకటి కలదు. బాధితుడు తన బాధను తనకు వచ్చిన మాటలలో చెప్పుకొనవలెను. విన్న అధికారి ఆ మాటల వెనుక శాసనము ఎరిగిన బాధ యున్నదని గుర్తింపవలెను. ఈ రెండును జరుగనిచో వకీలును నియమించు ప్రసక్తియే రాదు. ఈ గడప ధనముచే దాటునది కాదు, భాషచే దాటునది. కావున ఈ విషయము న్యాయవేత్తలకు ఎంత ముఖ్యమో భాషా పరిశోధకులకును అంత ముఖ్యము. అప్పునకు బదులుగనో ఆచారమునకు కట్టుపడియో చాకిరి చేయు గ్రామీణ కూలీల విషయమును మాత్రమే గ్రహించి, వారికి న్యాయసహాయము అందుటలో పదములు ఎట్టి పని చేయుచున్నవో ఈ వ్యాసమునందు పరిశీలింతును.

న్యాయసహాయమునకు శాసనాధారము

1976లో జరిగిన 42వ సవరణ రాజ్యాంగమునందు 39ఎ అధికరణమును చేర్చినది. ఆర్థికమైన గాని ఇతరమైన గాని అశక్తత కారణముగ ఏ పౌరునికిని న్యాయము పొందు అవకాశము తప్పిపోరాదనియు, అందులకై రాజ్యము ఉచిత న్యాయసహాయమును ఏర్పాటు చేయవలెననియు దాని సారాంశము. ఈ ఆదేశమును ఆచరణలో పెట్టుటకు 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. ఢిల్లీలోని జాతీయ సంస్థ మొదలుకొని రాష్ట్ర, జిల్లా సంస్థల వరకును, మన ప్రాంతమున మండల కమిటీల వరకును ఉన్న నిర్మాణమంతయు ఈ చట్టమునుండి వచ్చినదే.

ఉచిత న్యాయసహాయమునకు అర్హులెవరో ఈ చట్టమునందలి 12వ సెక్షను చెప్పుచున్నది. షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, స్త్రీలు, బాలబాలికలు, వికలాంగులు, నిర్బంధమునందున్నవారు, వరదలు, కరవు మొదలగు విపత్తులచే నష్టపడినవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ అర్హులు. ప్రభుత్వము నిర్ణయించిన పరిమితికంటె తక్కువ ఆదాయము గలవారును అర్హులే. ఈ పట్టికలోనే, మనుష్యుల అక్రమ వ్యాపారమునకు గాని, 23వ అధికరణమునందు పేర్కొన్న బేగారునకు గాని గురియైనవారును చేర్చబడిరి.

హక్కు కలదని చట్టము చెప్పినంత మాత్రమున అది ఎరుకలోనికి రాదు. 1986లో సుక్‌దాస్ అను నిందితుని వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము ఈ సంగతిని స్పష్టపరచినది. అరుణాచల ప్రదేశమున అతడు వకీలు లేకయే విచారింపబడి శిక్ష పొందినాడు. వకీలు కావలెనని అతడు అడుగలేదు. అడుగకపోవుటచే హక్కు పోదనియు, గ్రామములందలి జనులలో అధికులు నిరక్షరాస్యులగుటచే తమ హక్కులనే ఎరుగరనియు, ఉచిత సహాయము కలదని తెలుపుట న్యాయాధికారి విధియనియు చెప్పి న్యాయస్థానము ఆ శిక్షను రద్దు చేసినది. తెలుపుట అనగా వినువానికి తెలియు మాటలలో చెప్పుట. మన ప్రశ్న ఇక్కడనే ఆరంభమగుచున్నది.

న్యాయస్థానము నిఘంటువును తెరచిన సందర్భము

23వ అధికరణమునందు బేగారు నిషేధింపబడినది. ఆంగ్లమున వ్రాయబడిన రాజ్యాంగమునందు ఈ దేశీయపదము యథాతథముగ నిలిచినది. దాని అర్థమేమి? 1982లో ఢిల్లీనగరమున ఆసియా క్రీడల నిర్మాణములందు పనిచేసిన కూలీల వ్యాజ్యము వచ్చినప్పుడు న్యాయమూర్తి పి. ఎన్. భగవతి ఈ ప్రశ్నను ఎదుర్కొనవలసి వచ్చినది. ఆయన రెండు నిఘంటువులను ఆశ్రయించెను. ఒకటి 1831లో తొలిసారి అచ్చయిన మోల్స్‌వర్తు మరాఠీ నిఘంటువు. రెండవది 1855లో వెలువడిన విల్సను గారి న్యాయ, రెవిన్యూ పదకోశము. రెండును కంపెనీ పాలనాకాలమున సిద్ధమైనవే. అధికారము గలవాడు ప్రతిఫలము లేకుండ చేయించుకొను పని బేగారు అని వాటివలన తేలినది.

న్యాయస్థానము అంతటితో ఆగలేదు. 23వ అధికరణము బేగారునేగాక దానివంటి ఇతర నిర్బంధ శ్రమలను గూడ నిషేధించినది గనుక, ప్రతిఫలము కొంత ముట్టినను, అది కనీస వేతనముకంటె తక్కువయైనచో ఆ శ్రమయు నిర్బంధ శ్రమయే యగునని తీర్పు చెప్పినది. ఆకలియు దారిద్ర్యమును గూడ నిర్బంధములే యని అంగీకరించినది. "ఏదో కొంత ఇచ్చుచున్నాను గనుక ఇది వెట్టి కాదు" అను యజమానుని వాదమునకు దీనితో ఆధారము పోయినది.

భాషా పరిశోధకులు గమనింపవలసిన విశేషమొకటి ఇందు కలదు. నూటయేబది సంవత్సరములనాడు పల్లెలలో వినబడిన ఒక పదమును ఒక కోశకారుడు అర్థముతో గ్రంథస్థము చేసెను. ఆ పని పరిపాలకుల ఉపయోగమునకై జరిగినది. అయినను అది స్వతంత్ర భారతమున కూలీల పక్షమున సాక్ష్యమైనది.

1976 నాటి చట్టమునందలి పదపట్టిక

వెట్టిచాకిరి పద్ధతి నిర్మూలన చట్టము 1976లో పార్లమెంటుచే చేయబడి, 1975 అక్టోబరు 25వ తేదీనుండియే అమలులో నున్నట్లు భావింపబడినది. దీనికి పూర్వము ప్రాంతీయ శాసనములు కొన్ని ఉండెను. అవి ఒక్కొక్కటియు ఒక్కొక్క ప్రాంతపు పలుకుబడిని పట్టుకొని వచ్చినవి. బీహారు, ఒరిస్సాలలో 1920 నాటి శాసనము కామియౌతీ ఒప్పందములను గూర్చినది. రాజస్థానమున 1961 నాటి శాసనము సాగ్రీ పద్ధతిని గూర్చినది. కేంద్ర చట్టము ఈ ప్రాంతీయ పదములను ఒక్కచోట చేర్చినది.

ఆ చట్టమునందలి రెండవ సెక్షనులో ఒప్పందము అను మాటకు నిర్వచనమున్నది. ఒప్పందము వ్రాతమూలకముగ నుండవచ్చును, నోటిమాటగ నుండవచ్చును. ఆ నిర్వచనమునకు చేర్చిన వివరణమునందు ముప్పది వరకు దేశీయపదములు వరుసగ ఈయబడినవి. బారామాసియా, భగేలా, చెరుమార్, హోల్యా, జీతా, కామియా, నిత్‌మజూర్, పాలేరు, పన్నైయాళ్, సాగ్రి, సేవక్, వెట్టి మొదలగునవి అందు కానవచ్చును. ఈ పేర్లతో పిలువబడు శ్రమరూపములందు ఋణదాతకును ఋణగ్రస్తునకును నడుమ ఒప్పందము ఉన్నట్లే సాంఘికాచారమును బట్టి భావింపబడునని ఆ వివరణము చెప్పుచున్నది.

ఇది సామాన్యమైన సౌకర్యము కాదు. పల్లెలో అప్పు పుచ్చుకొని పనికి కుదిరినవానియొద్ద కాగితముండదు. ఉన్నను అది ఋణదాత పెట్టెలో నుండును. అందున్న వేలిముద్రయే ఇతనిది. అట్టివానిని ఒప్పందము ఋజువు చేయుమని అడిగినచో అతని వ్యాజ్యము అక్కడనే ముగియును. పదపట్టిక ఆ భారమును అతనినుండి తొలగించినది. దీనికి తోడు 15వ సెక్షను మరియొక మేలు చేసినది: తన అప్పు వెట్టికి సంబంధించిన అప్పని కూలివాడు గాని, విజిలెన్సు సంఘము గాని చెప్పినచో, అది కాదని ఋజువు చేయవలసిన భారము ఋణదాతదే. 6వ సెక్షను అట్టి అప్పును రద్దుచేయును. విముక్తుడైన కూలివానిపై ఆ అప్పు రాబట్టుటకు ఎవరైన దావా వేసినచో, అతని పక్షమున ప్రతివాదము నడుపుట విజిలెన్సు సంఘము చేయవలసిన పనులలో ఒకటియని 14వ సెక్షను విధించినది. ఆ సంఘము తన సభ్యునొకనిని అందులకు నియోగింపవచ్చును. అతడు కూలివాని అధీకృత ప్రతినిధిగ పరిగణింపబడును. వకీలు రాకముందే న్యాయసహాయమున కొంత భాగము ఈ విధముగ చట్టమునందే ఇమిడియున్నది. ఆ భాగమునకు తలుపు తెరచు తాళపుచెవి పల్లెపదము.

పదముల స్వరూపము

ఈ పట్టికను భాషాదృష్టితో చూచినచో అందలి పదములు ఒకే జాతివి కావని తెలియును. కొన్ని కాలమును తెలుపును: బారామాసియా అనగా పండ్రెండు మాసములు పనికి కట్టుబడినవాడు, నిత్‌మజూర్ అనగా నిత్యము కూలికి వచ్చువాడు. కొన్ని పని స్థలమును తెలుపును: పన్నైయాళ్ అను తమిళపదమునందు పణ్ణై అనగా పెద్ద వ్యవసాయక్షేత్రము, ఆళ్ అనగా మనిషి. కొన్ని కులనామములు: కేరళమందలి చెరుమార్ అట్టిది, హోల్యా అనునది కన్నడదేశపు హొలెయ శబ్దమే యైయుండును. ఒక కులము పేరే ఒక శ్రమరూపమునకు పేరగుట ఆ సమాజస్థితిని గూర్చి ఏ నివేదికయు చెప్పనంతగా చెప్పుచున్నది. పుట్టిన కులమును బట్టియో, ఆచారమును బట్టియో, వారసత్వముగనో సంక్రమించిన చాకిరి గూడ వెట్టిచాకిరియే యని చట్టము నిర్వచించుటకు ఈ పదములే సమర్థనము.

ఇక తెలుగువారికి సంబంధించిన పదములు: వెట్టి, భగేలా, పాలేరు, జీతా. వెట్టి శబ్దము సంస్కృత విష్టి శబ్దభవమని పండితులు చెప్పుదురు. తమిళమునందును ఈ పదము కలదు. నైజాము తెలంగాణమున దేశముఖులకును అధికారులకును గ్రామమందలి వృత్తికులములవారు ఉచితముగ చేయవలసివచ్చిన చాకిరికి ఇది పేరు. దీనిని తొలగించుటకే ఆంధ్ర మహాసభ ఏండ్ల తరబడి తీర్మానములు చేసినది. 1946లో ఆరంభమైన తెలంగాణ రైతాంగ పోరాటమునకు ఇదియొక ముఖ్యకారణము. వెట్టికి మూలము అప్పు కాదు, ఆచారము. భగేలా అట్లు కాదు. అది అప్పు తీరువరకు ఋణదాతకు చేయు చాకిరి. వాడుకలో ఈ రెంటికిని భేదము గలదు. చట్టము రెంటిని ఒకే పట్టికలో చేర్చి రెంటికిని రక్షణ ఇచ్చినది. పాలేరు కోస్తా జిల్లాలలో ఏడాది పొడవున ఆసామి ఇంటను పొలమునను పనిచేయువానికి పేరు. ప్రతి పాలేరును వెట్టివాడు కాడు. ఇష్టముతో కుదిరి, ఏడాది తిరుగగానే ఇష్టము వచ్చినచోటికి పోగలిగినవాడు స్వతంత్రుడే. పోలేనివాని విషయముననే చట్టమునకు పని.

జీతము అను పదము అన్నింటికంటె చిక్కైనది. జీవితశబ్దమునుండి తద్భవముగ వచ్చిన ఈ పదము తెలుగున గౌరవమైన పదము. జిల్లా కలెక్టరును జీతమే పుచ్చుకొనును. పశువులు కాయు బాలుడును జీతముననే యుండును. భేదము నామవాచకమునందు లేదు, క్రియయందున్నది. ఉద్యోగి "జీతము తీసికొనుచున్నాడు"; పల్లెలో కూలివాడు "జీతమున్నాడు". పిల్లవానిని ఆసామి ఇంట "జీతమునకు పెట్టుదురు". మొదటి వాక్యమున జీతము మనిషి చేతికి వచ్చు వస్తువు. రెండవ వాక్యమున అది మనిషి ఉండు స్థితి. మూడవ దానిలో మనిషినే తీసికొనిపోయి ఉంచు చోటు. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో పెరిగినవానికి ఈ భేదము చెప్పనక్కరలేదు. పట్టణమున పెరిగిన అధికారికి ఎవరును చెప్పకపోవచ్చును.

ఒక కూలివాడు మండల కార్యాలయమునకు వచ్చి, "ఆసామి దగ్గర జీతమున్నాను, అప్పు తీరలేదు, పోనియ్యడు" అని చెప్పెననుకొందము. వ్రాసికొను గుమాస్తా, "జీతముపై పనిచేయుచున్నాడు; యజమానికి బాకీ యున్నాడు" అని వ్రాసినచో, అతడు వ్రాసిన పదములలో ఒక్కటియు తప్పు కాదు. కాని వ్యాజ్యమే మారిపోయినది. మొదటి వాక్యము 1976 నాటి చట్టము క్రిందికి వచ్చును. రెండవది మామూలు ఉద్యోగమును, మామూలు అప్పును తెలుపును. ఆంగ్లములోనికి పోయిన తరువాత "పోనియ్యడు" అను మాట కూడ జారిపోయినచో ఇక మిగులునది ఏమియు లేదు. ఋణభారము ఋజువు చేయవలసినవాడు మారును, ఉచిత వకీలుకు అర్హత సందిగ్ధమగును, అప్పు నిలుచును. 2016లో పునర్నిర్మించిన కేంద్ర పునరావాస పథకము క్రింద విముక్తుడైన వయోజన పురుషునికి లక్ష రూపాయలు, స్త్రీలకును బాలలకును రెండు లక్షలు, అతిక్రూర నిర్బంధమునకు గురియైనవారికి మూడు లక్షలు నిర్ణయింపబడినవి. ఆ సహాయమునకును ఈ గుర్తింపే మొదటి మెట్టు.

పట్టికలో లేని పదములు

పట్టిక ఎంత పెద్దదైనను పలుకుబడి అంతయు అందు ఇమడదు. కొరాపుట్ కొండప్రాంతమున అప్పుచాకిరిని గోతి అందురు. 1940లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకై ఋణదాస్య నిర్మూలనమునకు ప్రత్యేక నిబంధన చేసినది. అయినను కేంద్రచట్టపు పట్టికలో గోతి కానరాదు. ఒరిస్సా పశ్చిమ జిల్లాలనుండి తెలంగాణ ఇటుక బట్టీలకు ముందుగ సొమ్ము పుచ్చుకొని వచ్చు కూలీలు తమ పద్ధతిని దాదన్ అందురు. పాలమూరు కూలీలను దూరదేశపు నిర్మాణములకు కొనిపోయినవాడు గుంపు మేస్త్రీ. అతడు చేత పెట్టిన సొమ్ము అడ్వాన్సు. అడ్వాన్సు అను మాటలో దాస్యపు వాసన యేమియు లేదు. ఇల్లు అద్దెకు తీసికొనువాడును అడ్వాన్సే ఇచ్చును. పాతపదములు తమ చరిత్రను తమతో మోసికొనివచ్చును. ఈ కొత్తపదము చరిత్రను దాచును.

ఈ లోటును కొంతవరకు న్యాయస్థానము పూరించినది. హర్యానాలోని రాతిగనుల కూలీల స్థితిని గూర్చి వచ్చిన ఒక ఉత్తరమునే వ్యాజ్యముగ స్వీకరించి, 1983 డిసెంబరులో ఇచ్చిన బంధువా ముక్తి మోర్చా తీర్పునందు, కూలివానిచే నిర్బంధముగ పనిచేయించుచున్నట్లు తేలినచో, అది ముందుగ ఇచ్చిన సొమ్మునకో ఇతర ప్రతిఫలమునకో బదులుగ జరుగుచున్నట్లే భావింపవలెనని చెప్పినది. కాదని చూపవలసినది యజమానియు ప్రభుత్వమును. అనగా పట్టికలోని పదము దొరకనప్పుడు స్థితినిబట్టి గుర్తింపవచ్చును. కాని ఆ స్థితిని వర్ణించుటకును బాధితుని మాటయే ఆధారము.

కచేరి తెలుగు

పల్లెమాట శాసనము వద్దకు పోవు మార్గమిది. శాసనపు మాట పల్లెకు వచ్చు మార్గమును చూచినచో అదియు సుగమము కాదు. వకీలు, వకాలతు, దావా, జామీను, జప్తు, ముచ్చలిక మొదలగునవి అరబ్బీ, పారసీక, హిందూస్థానీ మార్గములవెంట వచ్చి తెలుగున స్థిరపడినవి. ముద్దాయి శబ్దము వీనిలో విచిత్రమైనది. ఉర్దూలో ముద్దయీ అనగా హక్కు కోరువాడు, అనగా వాది. తెలుగున అది నేరము మోపబడినవానికి పేరైనది. నైజాము రాష్ట్రమున న్యాయస్థానముల భాష ఉర్దూ. ఆ భాషలో వాదియైనవాడు తన తెలుగులో నిందితుడగుట కచేరి మెట్లపై నిలిచిన పేదవానికి ఎంత గందరగోళము కలిగించియుండునో ఊహింపవచ్చును.

కోర్టు ఫీజు చెల్లింపలేనివాడు వేయు దావాను పాపరు దావా అనుట మన ప్రాంతపు వాడుక. 1976లోనే సివిలు ప్రక్రియా స్మృతిని సవరించి ఆ ఆంగ్లపదమును తొలగించి, నిర్ధనుడను అర్థము గల పదమును చేర్చిరి. పేదవానిని భిక్షుకునివలె చూపు మాట శాసనమునుండి పోయినది. కోర్టు వసారాలలో నిలిచియున్నది. దానికి బదులుగ వచ్చిన న్యాయసేవాధికార సంస్థ వంటి దీర్ఘసమాసములు గౌరవప్రదములే గాని, ఉచితముగ వకీలు దొరకు చోటు ఇదియని పల్లెవానికి చెప్పజాలవు. జాతీయ సంస్థవారి 15100 అను ఉచిత టెలిఫోను సంఖ్య ఆ సమాసముకంటె సులభముగ జ్ఞాపకముండును.

చేయవలసిన పని

2008 నాటి గ్రామ న్యాయాలయముల చట్టము 2009 అక్టోబరు 2న అమలులోనికి వచ్చినది. న్యాయాధికారి గ్రామములకు స్వయముగ వెళ్లి విచారణ జరుపవలెనని దాని ఉద్దేశము. వెట్టిచాకిరి చట్టము క్రింది నేరములును దాని పరిధిలోనివే. విచారణయు తీర్పును సాధ్యమైనంతవరకు ఆంగ్లేతరమైన రాష్ట్ర అధికారభాషలో నుండవలెనని 29వ సెక్షను చెప్పుచున్నది. ఇది స్వాగతింపదగినది. అయితే అధికారభాషయైన తెలుగు వేరు, జీతమున్నవాని తెలుగు వేరు. ఆంగ్లము తొలగినంత మాత్రమున ఈ రెంటి నడుమ దూరము తొలగదు.

ఈ దూరమును కొలుచు పని విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలది. మనకు మార్గదర్శకములు కలవు. సి. పి. బ్రౌను 1854లో తెలుగున కలిసిన అన్యదేశ్యములకు ప్రత్యేక నిఘంటువు కూర్చెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములకు సంబంధించినది. జిల్లాలవారీగ రైతుల నోటినుండి పదములను సేకరించి సిద్ధపరచినది. నాగలి భాగములకు ఏ సీమలో ఏ పేరున్నదో ఆ పద్ధతివలన మనకు తెలిసినది. ఆ నాగలి పట్టినవాడు ఏ షరతుపై పట్టెను, ఎవరికి ఎంత బాకీ యుండెను, ఆ షరతును ఏమని పిలిచెను అనునవియు అదే శ్రద్ధతో సేకరింపదగినవి. అప్పు, కుదురుబాటు, కూలి, బాకీ, విడుదల అను అయిదు విషయములపై జిల్లాకొక పదపట్టికయు, ఒక్కొక్క పదమునకు పలికినవాని పూర్తివాక్యమును, దానికి శాసనమునందు సరిపోవు సెక్షనును చూపినచో అదియొక చిన్న పుస్తకము మాత్రమే. కాని గ్రామములందు పనిచేయు పారాలీగల్ స్వచ్ఛంద సేవకుని చేతను, మండల కార్యాలయమున వాఙ్మూలము వ్రాయు గుమాస్తా చేతను అది ఉండవలెను. వాఙ్మూలమున బాధితుని వాక్యమును మొదట అతడు పలికినట్లే వ్రాసి, తరువాతనే కార్యాలయ భాషలోనికి మార్చుట ఒక నియమముగ పాటింపవలెను.

శాసనకర్తలు 1976లో ముప్పది వరకు పల్లెపదములను చట్టమునందు చేర్చి, నిరక్షరాస్యుని పలుకు ప్రమాణమగునని అంగీకరించిరి. ఆ పట్టికను పూరింపవలసిన భారము అప్పటినుండి పదశాస్త్రమున శ్రమించువారిపైనను ఉన్నది. "జీతమున్నాను" అను రెండు మాటలను సరిగ వినగలిగినచో, ఆ చెప్పినవానికి దక్కవలసిన వకీలును, అప్పునుండి విముక్తియు దక్కును. వినజాలనిచో, అతని పేరిట చేయబడిన చట్టములన్నియు ఉన్నను, అతడు వచ్చిన త్రోవనే ఆసామి ఇంటికి తిరిగిపోవును.